పొడికాళ్ళ ఎబ్ రాసిన ఉత్తరం

ఆర్బ్రోత్ రేవు పక్కన, ఊరి అడుగున ఉన్న మా వీధుల్లో స్వాంకీలు ఎక్కువ, కార్గిల్‌లు ఎక్కువ, స్పింక్‌లు ఎక్కువ. ఒకే పేరుతో నలుగురుంటే టపా బంట్రోతుకు కష్టం, తిట్టుకునేవాళ్ళకు ఇంకా కష్టం. అందుకని ప్రతి మనిషికీ వీధి పెట్టిన పేరు ఇంకొకటి ఉంటుంది. ఎబెనెజర్ స్వాంకీకి వీధి పెట్టిన పేరు పొడికాళ్ళు, అంటే నీళ్ళు తాకని కాళ్ళు.

పదహారో ఏట తండ్రి పడవలో మొదటిసారి వేటకు వెళ్ళాడు. మూడు రోజులు కక్కాడు. నాలుగో రోజు రేవులో దిగి మళ్ళీ ఎక్కలేదు. తండ్రి కోప్పడలేదు. ఒక రంగు డబ్బా, రెండు కుంచెలు చేతికిచ్చి, పడవ పక్కన పేరు వెలిసిపోయింది చూడమన్నాడు.

అప్పటినుంచి నలభై ఏడేళ్ళు ఎబ్ పడవల మీద పేర్లు రాశాడు. చక్కటి చేయి. తెల్ల అక్షరం, దాని పక్కన సన్నటి నల్లనీడ. అవతలి గట్టు నుంచి చూసినా ఏ పడవో తెలిసేది. కానీ ఉప్పు ఉంది, ఎండ ఉంది, రేవు గోడ రాపిడి ఉంది. రెండేళ్ళకు పేరు పోయేది. మళ్ళీ పిలిచేవాళ్ళు. గీకి, ఆరబెట్టి, మళ్ళీ రాసేవాడు. వాటీ కార్గిల్ పడవ ప్రావిడెన్స్ పేరు ఒక్కటే పదకొండు సార్లు రాశాడు.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. అక్క జెస్సీ భర్త, ఇంకో కార్గిల్, సముద్రంలో పోయాక తమ్ముడి ఇంటికి వచ్చింది. పెరట్లో రాతి కొట్టు కట్టించి, హాడక్ చేపల్ని తోకలు కలిపి జతలుగా కట్టి, కర్రలకు వేలాడదీసి, పొగబెట్టి అమ్మేది. ఇంట్లో కర్టెన్ల నుంచి రొట్టె దాకా అదే వాసన.

నేను చచ్చిన రెండేళ్ళకు ఈ రేవులో నా చేతి అక్షరం ఒక్కటీ ఉండదు అని ఎబ్ ఒకసారి అక్కతో అన్నాడు.

"నా చేప రెండు రోజులు కూడా ఉండదు. తినేస్తారు. నేనేమైనా ఏడుస్తున్నానా?" అంది జెస్సీ.

1969 జులైలో ఊరి పండుగ సంఘంవాళ్ళు ఎబ్ ఇంటికి వచ్చారు. మరుసటి ఏప్రిల్ ఆరుకు ఉత్తరానికి ఆరువందల యాభై ఏళ్ళు నిండుతాయి. ఉత్తరం అంటే మా ఊళ్ళో ఒకటే. ఈ దేశం ఇంగ్లీషు రాజు సొత్తు కాదని మా ప్రభువులు పోపుకు రాసిన ఉత్తరం. కింద మా మఠం పేరూ, తేదీ ఉన్నాయి. పోపుకు పంపింది ఏమైందో తెలియదు. మన దగ్గర ఉంచుకున్న ప్రతి ఎడిన్‌బరోలో ఉంది. దానికి సరిగ్గా జోడు ఒకటి తయారు చేయించాలి. ఆ రోజున దాన్ని మఠం నుంచి రేవుకు ఊరేగించి, పడవ ఎక్కించి, సముద్రంలోకి తీసుకెళ్ళి తీసుకురావాలి. ఇదీ సంఘం అనుకున్నది. ఎడిన్‌బరోలో పేరున్న రాతగాడిని అడిగితే రెండేళ్ళు పడుతుందన్నాడు. చేతిలో ఉన్నవి తొమ్మిది నెలలు. అప్పుడు సంఘంలో ఉన్న మాంసం కొట్టు గెలట్లీ, పడవలకు రాసే మనిషి ఉన్నాడు కదా, అక్షరం అక్షరమే కదా అన్నాడట.

లాటిన్ చెప్పే ఆక్టర్లోనీ మాస్టారు అసలు ఉత్తరమంత ఫొటో ఒకటి బల్ల మీద పరిచాడు. ఎబ్ దాన్ని చాలాసేపు చూశాడు. చీమల్లాంటి అక్షరాలు. ఒక్కో వరస రెండడుగుల పొడవు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒకటే ప్రశ్న అడిగాడు. పండుగ అయ్యాక దాన్ని ఏం చేస్తారు?

గ్రంథాలయంలో, మెట్లెక్కగానే కనబడే గోడకు, అద్దం వెనక పెడతామన్నారు.

ఎంతకాలం ఉంటుంది?

"గొర్రె చర్మం మీద మాచికాయ సిరా, స్వాంకీ గారూ. చూశారు కదా. ఆరున్నర శతాబ్దాలు," అన్నాడు మాస్టారు.

ఆ సాయంత్రం ఎబ్ ఇంటికి దగ్గరదారిన రాలేదు. రేవు మొత్తం చుట్టి వచ్చాడు.

రెండు చర్మాలు తెప్పించారు. కుంచె పట్టిన చేతికి ఈక అలవాటు కావడానికి ఆరు వారాలు పట్టింది. బాతు ఈక చెక్కడం, విరగడం, మళ్ళీ చెక్కడం. ముందు గదిలో కిటికీ దగ్గర ఏటవాలు బల్ల వేసుకున్నాడు. సముద్రం మీదనుంచి మంచు కమ్మిన రోజున చర్మం ఉబ్బి అలలు తేలేది. ఎండ వస్తే బిగుసుకుని చుట్టూ కొట్టిన మేకుల్ని లాగేది. మా తీరాన ఒకే రోజు రెండూ వస్తాయి. పొద్దున రాసిన వరస మధ్యాహ్నానికి ఉన్నచోట ఉండేది కాదు. తలుపు తీస్తే తేమ, మూస్తే పెరటి పొగ. మాస్టారు ఒకసారి వచ్చి, వంగి వాసన చూసి, పోపుగారికి ఆకలి వేస్తుంది అన్నాడు. ఎబ్ నవ్వలేదు.

సెప్టెంబరు నెలాఖరుకు మొదటి చర్మం మీద రాత పూర్తయింది. మాస్టారుకు కబురు పెట్టాడు. ఆయన గుమ్మంలోనే ఆగి, తల కొంచెం పక్కకు వాల్చాడు. ఇది ఎటో బయలుదేరినట్టుందే అన్నాడు.

ఎబ్ వెళ్ళి ఆయన పక్కన నిలబడి చూశాడు. నిజమే. ప్రతి వరసా మధ్యలో కాస్త దిగి, కుడి చివరకు వచ్చేసరికి లేచింది. పడవ పక్క తిన్నగా ఉండదు. నడుము దగ్గర దిగి ముక్కు వైపు లేస్తుంది. పేరు రాయడానికి నూలు పట్టి గుర్తు పెట్టుకునేటప్పుడు నూలు బిగించరు. వంపుకు తగ్గట్టు వదులిస్తారు. నలభై ఏడేళ్ళు వదులిచ్చిన చేయి గొర్రె చర్మం మీద కూడా వదులిచ్చింది. దగ్గర కూర్చున్నవాడికి అది కనబడలేదు. కనబడినా కంటికి సరిగ్గానే ఉండేది.

సంగతి సాయంత్రానికి రేవులో తెలిసింది. పొడికాళ్ళవాడు ఉత్తరానికి కూడా ముక్కు పెట్టాడు, ఇక పడవ దేనికి, దాన్నే తోసేస్తే సరి అన్నారు. ఎబ్ ఆ చర్మాన్ని పారేయలేదు. ఉత్తరం అడుగున మైనపు ముద్రలు వేలాడదీయడానికి కావలసిన పట్టీలు దాంట్లోంచి కోశాడు. ఒక్కో పట్టీ కోసినప్పుడు నాలుగైదు మాటలు తెగేవి. ఏ మాటలో ఆయనకు తెలియదు.

రెండో చర్మానికి ఇనుప బద్ద పెట్టి గీతలు గీశాడు. తొమ్మిది వరసలు రాశాక సంఘం ఆపమంది.

ఎడిన్‌బరో ప్రతి ఎప్పుడో తడిసి, కొన్నిచోట్ల చర్మం చివికి పోయింది. అక్కడ ఏ మాటలున్నాయో పాత అచ్చు బొమ్మను బట్టి తెలుసు. ఇప్పుడు ప్రశ్న ఏమిటంటే, మన ఉత్తరం అప్పుడున్నట్టు ఉండాలా, ఇప్పుడున్నట్టు ఉండాలా? అక్టోబరు మొదటి వారంలో అడిగిన ప్రశ్నకు నవంబరు నెలాఖరుకు జవాబు వచ్చింది. ఎనిమిది వారాలు. మధ్యలో ఒక సమావేశంలో గెలట్లీ, కన్నాలు కూడా మనమే చేయాలా, లేక వానలో పెడితే అవే పడతాయా అని అడిగాడు. అది రాతపుస్తకంలో కూడా ఎక్కింది. ఎబ్ ప్రతి సమావేశానికీ వెళ్ళి తలుపు దగ్గర కుర్చీలో కూర్చునేవాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. చివరకు, అప్పుడున్నట్టే అన్నారు. అంటే మొదట చెప్పినట్టే.

ఆ ఎనిమిది వారాలూ ఆయన ముద్రలు చేశాడు. ఫొటోలు చూసి బొమ్మలు చెక్కతో చెక్కి, వాటితో సుద్దలో అచ్చులు తీశాడు. తేనె మైనం, గుగ్గిలం కలిపి జెస్సీ పొయ్యి మీద కరిగించి పోశాడు. గుర్రం మీద మనిషి, డాలు, సింహం, పేరు తెలియని పక్షి. నలభైకి పైగా ముద్రలు కిటికీ గట్టు మీద వరసగా ఆరాయి. జెస్సీ అటువెళ్తూ ఇటువెళ్తూ చూసేది. ఈ పక్షి మన రేవులో చేపలెత్తుకుపోయే పక్షిలా ఉంది, దొంగ మొహం అనేది. అంతకుమించి మెచ్చుకోలు ఆమె నోట మేము ఎప్పుడూ వినలేదు.

జనవరి మధ్యకు రాత అయిపోయింది. వరసలు తిన్నగా ఉన్నాయి. మాస్టారు భూతద్దంతో రెండు గంటలు చూసి, కళ్ళజోడు తుడుచుకుని, ఎబ్ చేయి పట్టుకుని ఊపాడు. తర్వాత కిటికీ గట్టు వైపు తిరిగాడు.

"అన్నీ ఎర్రవే చేశారే?"

ఎబ్ గట్టు మీది వరసను చివరిదాకా చూశాడు.

"ఎర్రవి, ఉత్తరంలో పేర్లున్న ప్రభువులవి. తక్కినవాళ్ళవి ఆకుపచ్చ మైనంలో ఉండాలని రాసిచ్చాను కదా. మొదటి కాగితంలోనే ఉంది."

రాసిచ్చాడు. ఎబ్ ఆ కాగితం చదివాడు కూడా. పక్కనే బల్లకు మేకుతో కొట్టి పెట్టుకున్నాడు. ఆరు నెలలు రోజూ దాని ఎదుటే కూర్చున్నాడు. ఆ మాట మీదకు వచ్చేసరికి కన్ను పక్కకు తప్పుకుంది. మా రేవులో ఎవరి కన్నయినా అంతే. ఆ రంగు పడవ మీద ఉండదు, పడవ మనిషి ఒంటి మీద ఉండదు, వలకు కట్టే తాడులో ఒక పోగుగా కూడా ఉండదు. ఎందుకని ఎవరూ అడగరు. పేరు కూడా పలకరు, ఆ రంగు అంటారు. ఎబ్ ఇవన్నీ ముసలమ్మల మాటలని బయట అనేవాడు. కానీ నలభై ఏడేళ్ళలో ఆ రంగు డబ్బా ఒక్కటీ మూత తీయలేదు.

జెస్సీ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె అంతా విన్నది.

"మాస్టారూ, మీరు చదువుకున్నవాళ్ళు. మీ ఇంట్లో ఏం కరిగించుకుంటారో మీ ఇష్టం," అంది. "ఈ పొయ్యి మీద నేను ఊరికి తిండి చేస్తాను."

చివరకు ఆ రంగు మైనాన్ని ఎబ్ బడిలో, రసాయనాల గదిలో, గ్యాసు మంట మీద కరిగించాడు. పడవల కొట్టువాళ్ళు ఒప్పుకోలేదు, తాళ్ళ కార్ఖానావాళ్ళు ఒప్పుకోలేదు. ఫిబ్రవరి అంతా రోజూ బడి విడిచాక వెళ్ళేవాడు. ఉత్తరాన్ని కూడా అక్కడికే మోసుకెళ్ళాల్సి వచ్చింది. ఆరిన ముద్రను ఊరికే తగిలిస్తే నిలవదు. చర్మం అడుగు అంచు మడిచి, చీలిక చేసి, పట్టీ దూర్చి, రెండు కొసలనూ ముద్ర వెనక పెట్టి, వాటి మీద వేడి మైనం అదమాలి. ఒకసారి అదిమితే కోస్తేనే వస్తుంది. అలా ఉత్తరం ఆ ఇంట్లోంచి బయటికి వెళ్ళింది. మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.

బడి నుంచి వచ్చేటప్పుడు దారిలో ఇనుప కంచె మీద చేయి ఆనించి నడిచేవాడు. ఆ రంగు ముట్టిన చేతికి ఇనుము తాకించాలి. ఎవరైనా చూస్తే కాలు జారకుండా పట్టుకున్నట్టు చేసేవాడు. ఇంటికి రాగానే జెస్సీ చేతులు ఎక్కడ కడుక్కున్నావనేది. బడిలో అనేవాడు. మళ్ళీ కడుక్కో అనేది.

మార్చిలో వాటీ కార్గిల్ వచ్చాడు. ఊరేగింపుకు ఎంచిన పడవ ఆయన ప్రావిడెన్సే. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. టీ ఇస్తే తాగాడు. వాతావరణం గురించి, రొయ్యల ధర గురించి మాట్లాడాడు. చివరకు విషయానికి వచ్చాడు.

"ఏమోయ్ ఎబ్. దాని కింద ఏవో వేలాడుతున్నాయట."

"ముద్రలు."

"ఎర్రవి మంచివే."

"సగానికి తక్కువే, ఆ రంగువి."

"ఒక్కటైనా అంతే కదా. మా కుర్రాళ్ళు ఐదుగురు మనుషులు. ఐదుగురికీ ఇళ్ళున్నాయి. నేను వాళ్ళకేం చెప్పను, పోపుగారు చెప్పాడని చెప్పనా?"

ఎబ్ మాస్టారు దగ్గరికి వెళ్ళాడు. ఆయన కోపంగా నడిచాడు గదిలో. దేశం ఎవరి మాటా వినక్కర్లేదని రాసుకున్న ఉత్తరం ఇది, దీన్ని ఒక చేపల పడవ ఎక్కించుకోనంటుందా అన్నాడు. ఎవరి మాటా వినక్కర్లేదనే వాళ్ళూ అంటున్నారు అన్నాడు ఎబ్. ఆ రంగు ముద్రలు తర్వాత పెడదామా, పండుగయ్యాక, అని అడిగాడు. అప్పటికే ఏడు అదిమేశాడు. ఆ ఏడూ కోయాలి.

మాస్టారు కూర్చున్నాడు. ఆ ఎరుపువాళ్ళకు కోటలున్నాయి, బిరుదులున్నాయి, వాళ్ళ పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి, తక్కినవాళ్ళు ఉన్నారనడానికి ఆ ముద్ర తప్ప చాలామందికి ఇంకేం లేదు అన్నాడు. కోయమంటే కోయండి, చేసింది మీరు అన్నాడు.

ఎబ్ రెండు రోజులు బడికి వెళ్ళలేదు. మూడో రోజు వెళ్ళి మిగిలినవి కూడా అదిమాడు.

ఏప్రిల్ ఆరు ఉదయం ఎండగానే ఉంది. మఠంలో ప్రార్థన అయింది. ఎర్రరాతి మొండిగోడల మధ్యనుంచి ఊరేగింపు బయలుదేరింది. బడి పిల్లలు సన్యాసుల దుస్తుల్లో, గెలట్లీ ఒక ప్రభువు దుస్తుల్లో. చదరపు చెక్కపెట్టెలో ఉత్తరం. పెట్టెను ఎబ్ మోశాడు. ఎవరూ మోయమనలేదు, ఎవరూ వద్దనలేదు.

రేవు గట్టు మీద వాటీ ఎదురొచ్చాడు. దగ్గరగా వచ్చి, నోరు సరిగ్గా కదపకుండా అన్నాడు.

"పెట్టె మూసే ఉంచు. నువ్వు చెప్పకు, నేను అడగను. వెళ్ళొద్దాం."

అది మా పద్ధతే. పలకని మాట పడవ ఎక్కలేదు, చూడని రంగు పడవ మీద లేదు. వాటీ అంతకంటే చేయగలిగింది లేదు. ఎబ్‌కు అది తెలుసు. సరే అన్నట్టు తల ఊపాడు. పెట్టె రెండు చేతుల మీద ఉంది. పడవ పక్కన, కళ్ళ ఎదురుగా, పోయిన శరదృతువులో ఆయనే రాసిన పేరు ఉంది. అప్పుడే ఒక అక్షరం అంచు లేస్తోంది.

అప్పుడు నగర పెద్ద, చేతిలో కార్యక్రమం కాగితం చూసి, పడవ ఎక్కించే ముందు ఉత్తరాన్ని ప్రజలకు చూపించాలి అన్నాడు. కాగితంలో అలాగే అచ్చయింది. వెనకనుంచి మాస్టారు ఏదో అనబోయాడు. అవసరం లేదు అనవచ్చు ఎబ్. గాలి ఉంది, తేమ ఉంది, పాడవుతుంది అనవచ్చు. అవన్నీ నిజాలే.

పెట్టెను గట్టు మీద పడవలు కట్టే గుంజ మీద ఆన్చి మూత తీశాడు.

పడవలో ఐదుగురూ ఒక్కసారి చూసి, చూపు తిప్పుకున్నారు. ఒకడు పక్కనున్న ఇనుప చువ్వను పట్టుకున్నాడు. వాటీ ఎబ్ మొహం వంక చూశాడు. పెట్టె వంక చూడలేదు. తర్వాత పడవలోకి దిగి, తాడు విప్పమన్నాడు. నగర పెద్ద అప్పటికే పడవలో ఉన్నాడు. తిత్తి సన్నాయిలవాళ్ళు వాయించడం మొదలుపెట్టారు. ఉత్తరం లేకుండానే పడవ గట్టు వదిలింది.

జనం గట్టు చివరకు పరుగెత్తారు, పడవ రేవు నోరు దాటడం చూడాలని. ఎబ్ పక్కనుంచే పరుగెత్తారు. చేతులూపారు. పెట్టె తెరిచే ఉంది. తొమ్మిది నెలలు రాసిన అక్షరం ఎండలో నల్లగా మెరుస్తోంది. ఒక్కరూ ఆగలేదు. ఆగింది మాస్టారు ఒక్కడే. ఆయన అది ఇంతకు ముందు చూసినవాడే. జెస్సీ గట్టు మొదట్లో, చేపల తూనిక దగ్గర, ఇరవై అడుగుల దూరంలో నిలబడింది. దగ్గరకు రాలేదు.

పడవ వెళ్ళి అరగంటలో తిరిగొచ్చింది. ఉత్తరం సముద్రం మీద ప్రయాణించి వచ్చిందని మర్నాడు పత్రికలో పడింది. పడవ ఫొటో వేశారు. పేరు స్పష్టంగా కనబడుతోంది.

సంఘం చివరి సమావేశంలో ఎబ్ మొదటిసారి మాట్లాడాడు. గ్రంథాలయం గోడకు ఎప్పుడు పెడతారని అడిగాడు. గోడకు ఎదురుగా కిటికీ ఉందని, వెలుతురు తగిలితే సిరా పాలిపోతుందని, రంగులు వెలుస్తాయని ఎవరో నిపుణుడు రాశాడట. అందుకని గోడకు అచ్చు ప్రతి పెడుతున్నారు. చర్మం మీదది నగర కార్యాలయంలో, బీరువా సొరుగులో, చీకట్లో ఉంచుతారు. అలా అయితే వెయ్యేళ్ళు ఉంటుంది.

"గోడకు పెట్టాల్సింది అసలుది," అన్నాడు ఎబ్.

"అసలుది ఎడిన్‌బరోలో ఉంది ఎబ్," అన్నాడు గెలట్లీ. ఎగతాళిగా అనలేదు. ఉన్నది చెప్పాడు.

మే నెలలో ఎబ్ నగర కార్యాలయానికి వెళ్ళి ఉత్తరం చూస్తానన్నాడు. మిస్ టాష్ అనే గుమాస్తా దరఖాస్తు కాగితం ఇచ్చింది. పేరు, చిరునామా, చూడవలసిన కారణం. కారణం దగ్గర, రాసింది నేనే అని రాశాడు. ఆమె లోపలికి వెళ్ళి అడిగి వచ్చింది. ఉత్తరం మీద రాసినవాడి పేరు ఎక్కడా లేదని, రాసినవాళ్ళకు చూపాలని నిబంధన కూడా లేదని, చాలా మర్యాదగా చెప్పింది. పేరు లేని మాట నిజమే. ఎడిన్‌బరో ప్రతి మీద కూడా రాసినవాడి పేరు లేదు. లేనిదాన్ని ఎబ్ రాయలేదు.

ఏ కారణం అయితే చూపిస్తారు?

భద్రతకు సంబంధించినదైతే చూపించవచ్చు అంది మిస్ టాష్. కాసేపు ఆలోచించి, తేమ పరీక్షలాంటిది అంది.

జూన్ మొదటి సోమవారం ఎబ్ వచ్చి, కారణం దగ్గర తేమ పరీక్ష అని రాశాడు. సొరుగు తెరిచారు. పావుగంట చూశాడు. చూసినవారు తమ అభిప్రాయం రాయవలసిన పుస్తకం ఒకటి ఉంది. తేమ లేదు అని రాశాడు. జులైలో మళ్ళీ వచ్చాడు. తేమ లేదు. ఆగస్టులో వచ్చాడు. మంచు కమ్మిన నెలల్లో, వాన నెలల్లో, తలుపులు ఉబ్బి బిగుసుకుపోయిన ఫిబ్రవరిలో కూడా వచ్చాడు. ఆయన అబద్ధం రాయలేదు. ఆ బీరువా మంచిది. చర్మం ఒక్కసారి కూడా అల తేలలేదు.

మిగతా రోజుల్లో పడవల పేర్లు రాశాడు. వాటీ పడవకు మరో రెండుసార్లు రాశాడు. ఇద్దరూ ఉత్తరం సంగతి ఎత్తలేదు. వీధిలో పిల్లలు ఆయన్ని ఇంకా పొడికాళ్ళ తాతా అనేవాళ్ళు. ఉత్తరం తాతా అని ఎవరూ అనలేదు. 1974 మార్చి నెలాఖరులో, నిచ్చెన మీద కాదు, సముద్రం మీద కాదు, రొట్టె కొట్టు దగ్గర వరసలో నిలబడి పడిపోయాడు. అరవై ఏడేళ్ళు. అంత్యక్రియల్లో శవపేటికను దించే ఎనిమిది తాళ్ళలో ఒకటి వాటీ పట్టుకున్నాడు, ఒకటి మాస్టారు పట్టుకున్నాడు.

మే నెలలో ఒక సోమవారం జెస్సీ నగర కార్యాలయానికి వెళ్ళింది. పొగకొట్టు పని వదిలి మధ్యాహ్నం పూట ఆమె ఊళ్ళోకి వెళ్ళడం మేము చూడటం అదే మొదటిసారి. కాగితం అడిగి తీసుకుంది. తేమ సంగతి తమ్ముడు చెప్పి ఉంటాడు. అదే రాసింది.

మిస్ టాష్ పుస్తకం తెచ్చి తెరిచి చూపించింది. నలభై ఆరు వరసలు. నలభై ఆరు తేదీలు. ప్రతిదాని పక్కనా ఒకే మాట, ఒకే చేతిరాత. నాలుగేళ్ళుగా తేమ లేదు కాబట్టి ఇక పరీక్ష అవసరం లేదని పైవాళ్ళు పోయిన నెలలో తీర్మానం చేశారని చెప్పింది. చెప్పేటప్పుడు తల ఎత్తలేదు.

జెస్సీ పుస్తకాన్ని తనవైపు తిప్పుకుంది. పేజీలు మెల్లిగా తిప్పింది. పుస్తకంలో ఇంకెవరి పేరూ లేదు.

"తేమ కోసమే వచ్చాడనుకున్నారా వీడు?"

మిస్ టాష్ పుస్తకం మూసింది.

జెస్సీ ఇంకో కాగితం అడిగింది. కారణం దగ్గర, చూడాలి అని రాసింది. అది కారణం కాదని ఆ అమ్మాయి అంది. ఇంకొకటి నా దగ్గర లేదంది జెస్సీ. వెళ్ళి గోడ వారన బెంచీ మీద కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. ఒంటి గంట. జనం వచ్చారు, రసీదులు రాయించుకున్నారు, వెళ్ళారు. గదంతా పొగ వాసన నిండింది. రెండు అయింది. మూడున్నరకు పైఅధికారి టోపీ పెట్టుకుని, బెంచీ వంక చూడకుండా బయటికి వెళ్ళాడు.

మిస్ టాష్ కాసేపు కాగితాలు సర్దింది. తర్వాత లేచి, బల్ల సొరుగులోంచి తాళంచెవి తీసింది. దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి అంది.

"మిసెస్ కార్గిల్, దాని కింద ఆ రంగువి ఉన్నాయండీ. మీకు…"

"ఉన్నాయని తెలుసు," అంది జెస్సీ. "తియ్యమ్మా."